మిథునం పెరడు, గుంతకల్లు మిద్దె

శ్రీరమణ ‘మిథునం’ని అందరూ దాంపత్యం కథ అంటారు. మా తరం మాత్రం దాన్ని ఇంటి కథగా చదువుతోంది. బెంగళూరు అద్దె ఫ్లాట్లలో ఉండే నా ఫ్రెండ్స్‌లో చాలామందికి అప్పదాసు పెరడే డ్రీమ్ హౌస్. 2012లో తనికెళ్ల భరణి సినిమా వచ్చాక మరీనూ. తెర మీద మనుషులు ఇద్దరే కదా, మిగతాదంతా ఆ ఇల్లే, ఆ పచ్చదనమే.

నేను గుంతకల్లు రైల్వే క్వార్టర్స్‌లో పెరిగినవాణ్ణి. ఆ పెరడు చూడగానే నాకొచ్చే మొదటి డౌటు: మా దగ్గరైతే ఈ బావిలో నీళ్లుంటాయా? అనంతపురం జిల్లాలో ఏడాది మొత్తం వాన సుమారు 550 మిల్లీమీటర్లు. కొళాయి వచ్చే టైముని బట్టే మా అమ్మ నిద్ర లేచేది. కథలో శ్రమ లేదనను. బుచ్చిలక్ష్మి వంటింట్లోంచి బయటపడేదెప్పుడు? కానీ ఆ శ్రమంతా సరసంగా మారిపోతుంది, అక్కడే నాకు పేచీ. సింగమనేని నారాయణ కరువు కథలు చదివి ఇది తెరిస్తే వేరే దేశంలా ఉంటుంది.

మొన్న నాన్న ఫోన్. "రేయ్, రిటైరైతే క్వార్టర్ ఖాళీ చెయ్యాల. ఈడే మిద్దె కట్టుకుందాం. నువ్వెప్పుడొస్తావో చెప్పు."

రానని అనలేకపోయాను.

ఆ రాత్రి కథ మళ్లీ చదివాను. అప్పదాసు ఇంట్లో పిల్లలుండరు. శ్రీరమణ ఆ ఖాళీని దాచలేదు, మనమే చెట్లు చూస్తూ దాటేశాం. నాన్నకి ఇంకా జవాబు చెప్పలేదు. బోరుకి ఎన్నడుగులు పోవాలో కనుక్కోమని మాత్రం అన్నాను.