వంతల తగాదా

అర్ధవీడు, కంభం ప్రాంతాల్లో బ్యాండు అనగానే పెళ్లి ఊరేగింపులోని బాకాలు, డ్రమ్ములే తలపుకు వస్తాయి గనుక, ఈ వారం కొన్ని రాతల్లో కనిపించిన ‘కంట్రీ పంక్’ అనే మాటను ముందుగా విప్పి చెప్పవలసి ఉంది. కంట్రీ అమెరికా పల్లెపాట. పంక్ 1970లలో పట్టణ యువత కోపం గిటారు మోతగా మారిన బాణీ. ఈ రెంటినీ కలిపిన అంకుల్ టుపెలో అనే జట్టు ఇల్లినాయ్ రాష్ట్రంలోని బెల్‌విల్‌లో 1987లో ఏర్పడి, పాటలు కట్టే జే ఫారర్, జెఫ్ ట్వీడీలకు పొసగక 1994లో చెదిరిపోయింది. పల్లె బాణీలో ధిక్కారం పలికించడం ఇలాంటి జట్లతోనే మొదలైనట్టు రాయడమే చిరాకు పుట్టించే సంగతి.

తెలుగునాట ఆ పనిని 1940లలోనే బుర్రకథ చేసింది. వీరగాథలు చెప్పుకొనే ఈ పాత కళను, 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి రైతుకూలీల పక్షాన నిలిపింది. గుంటూరు జిల్లా పొన్నెకల్లుకు చెందిన షేక్ నాజర్ దానికి గొంతు అయ్యాడు. కథకుడు భుజాన తంబురా మోపి, బొటనవేలికి తొడిగిన అందెను, అంటే లోపల గుండ్లున్న బోలు లోహపు ఉంగరాన్ని, వేళ్ల నడుమ పట్టిన మరో అందెకు తాటిస్తూ చిందు వేస్తాడు. అటూ ఇటూ గుమ్మెట వాయించే వంతల్లో ఒకరిది హాస్యం, మరొకరిది రాజకీయం: ఒకరు కథకు అడ్డుపడి ఎకసెక్కం చేస్తే, మరొకరు పల్నాటి యుద్ధాన్ని తెచ్చి నేటి భూస్వామికి ముడిపెడతారు. తగాదా కథలోనే తీరిపోతుంది గనుక ఇటువంటి జట్టు విడిపోదన్నది ఈ శీర్షిక పాఠకులకు విసుగెత్తేటంతగా వినిపించిన వాదం.

అయితే ప్రజానాట్యమండలి చరిత్ర ఆ వాదానికి లొంగదు. 1948 నుంచి కమ్యూనిస్టులపై నిర్బంధం ముమ్మరమై, కళాకారులు కొందరు జైలుకు, కొందరు అజ్ఞాతానికి పోవలసి రావడంతో దళాలు చెదిరాయి. పలువురు సినిమాకు చేరారు. మండలి సారథి డాక్టర్ గరికపాటి రాజారావు 1953లో ‘పుట్టిల్లు’ తీసి జమునను తెరకు పరిచయం చేశాడు. దీన్ని లొంగుబాటు అనడం తేలికే గానీ, దళం నడిచి చేరలేని ఊళ్లకు కథను మోసింది టూరింగ్ టాకీసులే. ఆ తర్వాత కుటుంబనియంత్రణ ప్రచారానికి దిగిన బుర్రకథలో ఎకసెక్కం ఎవరిమీద చేయాలో ఆ అధికారే డబ్బు చెల్లించేవాడు కావడంతో, జట్టు ముగ్గురూ కలిసే ఉన్నా హాస్యపు వంతకు పని లేకపోయింది. చెదిరిన జట్టుకే ఎక్కువ ఆయుష్షు దక్కిందని ఒప్పుకోక తప్పదు: 1954 నాటి ‘అగ్గిరాముడు’ చిత్రంలో అల్లూరి సీతారామరాజు కథను బుర్రకథగా చెప్పినవాడు నాజరే.