చెప్పుల లెక్క

1998 చివర్లో బీఎస్సీ పాసై, సనత్‌నగర్‌లో పెదనాన్న గారింట్లో దిగాను. రోజూ ఎర్రగడ్డ దాకా నడిచి, బస్సెక్కి, అమీర్‌పేట మైత్రీవనం దగ్గర దిగేవాణ్ణి. ఏ కంప్యూటర్ కోర్సు చేయాలో తెలియదు. డెమో క్లాసులు మాత్రం ఫ్రీ.

ఒరాకిల్ సారు చక్కగా చెప్పారు. అంతా అర్థమైంది. కానీ గది బయట ఏడెనిమిది జతల చెప్పులే ఉన్నాయి. పై అంతస్తులో మెయిన్‌ఫ్రేమ్స్ క్లాసుకి మెట్ల దాకా చెప్పులే. లోపల చెప్పింది సగం కూడా బుర్రకెక్కలేదు. ఫీజు అక్కడే కట్టాను.

ఆ చెప్పుల గుట్ట వెనక కారణం లేకపోలేదు. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరానికి రెండంకెలే ఉండేవి. 2000 వస్తే కంప్యూటర్ దాన్ని 1900 అనుకునే ప్రమాదం. అందుకే మెయిన్‌ఫ్రేమ్స్ క్లాసులో నేర్పే కోబాల్ వచ్చినవాళ్లకు అమెరికా పిలుపులు. నేను చేరేనాటికి ఆ గడువు ఏడాదే ఉందన్న లెక్క మాత్రం వేసుకోలేదు. నేను లెక్కపెట్టింది చెప్పుల్ని.

వారం తర్వాత ఖమ్మం కుర్రాడొకడు పక్కన చేరాడు. ఇదే ఎందుకు ఎంచుకున్నావంటే, ‘బయట చెప్పులు చూశానన్నా’ అన్నాడు. అందులో నా జతా ఉంది.

గుంపు జనాన్ని ఎలా లాగుతుందో చూడ్డానికి మనస్తత్వవేత్త స్టాన్లీ మిల్‌గ్రామ్ బృందం న్యూయార్క్ వీధిలో చేసిన ప్రయోగం 1969లో అచ్చయింది. ఒక్కడు ఆగి పైకి చూస్తుంటే, దారిన పోయేవాళ్లలో నూటికి నలుగురు ఆగారు. పదిహేను మంది చూస్తుంటే నలభై మంది ఆగారు. అలా ఆగినవాళ్లు, వెనక వచ్చేవాళ్లకు గుంపులో భాగమే కదా!

నలుగురి వెంట పోవడం ప్రతిసారీ తప్పు కాదు. బజ్జీల బండి దగ్గర నేనిప్పటికీ జనాన్నే చూస్తాను. గిరాకీ ఉన్నచోట వాయి వెంట వాయి దిగుతుంది, బజ్జీ వేడిగా ఉంటుంది. కోర్సు సంగతి వేరు. అక్కడ ఎంతమంది మూగితే అంత పోటీ. 2000 దాటాక కోబాల్ గిరాకీ తగ్గింది, గుట్ట జావా గుమ్మానికి మారింది. నేనూ మారాను. పదేళ్లు చేశాక ఆ పనే ఇష్టమైంది. అది నేను ఎంచుకున్నదేనని ఇంటర్వ్యూల్లో చెప్పడం కూడా అలవాటైంది.

మొన్న మా అన్న కొడుకు అమీర్‌పేట నుంచి మెట్రోలో వచ్చాడు.

‘బాబాయ్, ఏఐ డెమోకి వెళ్లా. నిలబడ్డానికి కూడా చోటు లేదు!’

‘సారు ఎలా చెప్పాడ్రా?’

‘వెనకున్నా కదా, సరిగ్గా వినపడలేదు.’

‘మరి?’

‘ఫీజు కట్టేశా.’