‘ఏక్ డాక్టర్ కీ మౌత్’: తెరపైకి రాని శిశువు

తపన్ సిన్హా 1990లో నిర్మించిన ‘ఏక్ డాక్టర్ కీ మౌత్’ అను హిందీ చిత్రమును మేమిటీవల మరల జూచితిమి. రమాపద చౌదురి రచించిన వంగకథ దీనికాధారము. సిన్హాకు ఉత్తమ దర్శకుడను జాతీయ బహుమానమును దెచ్చిన చిత్రమిది. పంకజ్ కపూర్ నటనను మేమిప్పటికిని మెచ్చుచున్నాము. అయినను చిత్రము ముగియునప్పటికి మాకొక కొఱత తోచినది.

చిత్రమునందలి వైద్యుడు కుష్ఠురోగమునకు టీకా కనిపెట్టును. అధికారులును, తోడి వైద్యులును అసూయచే నాతని వేధింతురు. కలకత్తా వైద్యుడు సుభాష్ ముఖర్జీ జీవితమే దీనికి మూలమని ప్రసిద్ధము. కాని ముఖర్జీ కీర్తికిని, కష్టములకును గారణమైనది కుష్ఠురోగము కాదు. ఆయన హార్మోను సూదులతో అండములను వృద్ధిచేసి, వానిని వెలికిదీసి, గాజుపాత్రలో ఫలింపజేసెను. ఆ పిండమును గడ్డకట్టించి దాచి, పిమ్మట దల్లిగర్భమున నుంచెను. 1978 అక్టోబరు 3వ తేదీని ‘దుర్గ’ యని లోకము పిలిచిన శిశువు జనించెను. ఇంగ్లండులో ఎడ్వర్డ్సు, స్టెప్టోల కృషివలన లూయీ బ్రౌను పుట్టి యప్పటికి 70 దినములే. గడ్డకట్టించిన పిండమునుండి ఆస్ట్రేలియాలో బిడ్డ పుట్టినది 1984లో.

కుష్ఠు మాన్పుట తప్పని యెవ్వడనును? ఆ టీకాను గాదనువాడు దుర్మార్గుడని ప్రేక్షకుడు క్షణములో దీర్పు చెప్పగలడు. గాజుపాత్రలో బిడ్డ యనినచో నంత సులభముగ దీర్పు చెప్పజాలడు. గొడ్రాలని పేరంటమునకు బిలువనొల్లని మన సమాజమే, ఆ గొడ్డుతనమును బాపు విద్యనుజూచి యులికిపడినది. ఈ వైపరీత్యము ముఖర్జీ కథకు బ్రాణము. టీకా వచ్చి దాని స్థానమున గూర్చుండుటతో చిత్రము మంచివారికిని చెడ్డవారికిని జరిగిన తగవుగ మిగిలినది.

వంగ ప్రభుత్వము 1978లోనే విచారణసంఘము నేర్పఱచినది. ‘రుజువేది?’ యను ప్రశ్న యన్యాయమైనదని మేమనజాలము. ప్రయోగశాలలో జరిగిన దానిని పదిమంది యెదుట నిలుపుట శాస్త్రజ్ఞుని విధి. ఐతే యిచట రుజువనునది యొక యింటి గుట్టు. బిడ్డను జూపిన గాని వైద్యుని నమ్మరు. బిడ్డను జూపిన యెడల తల్లిదండ్రులు వీధిలో దలయెత్తుకొని తిరుగజాలరు. నింద కోర్వజాలనంత భయమును వారికి గల్పించిన లోకమే, వైద్యుని సాక్ష్యమడిగినది! దర్శకుడు తెరపై జూపదగిన సంకటమిది.

ఇంగ్లండున మాత్రము ఆదరణము లభించెనా? 1971లో నచటి వైద్యపరిశోధన మండలి ఎడ్వర్డ్సు, స్టెప్టోలకు ధనమీయ నిరాకరించినది. కాని వారి ప్రయోగశాల తలుపు మూయలేదు. వేఱుచోట ధనము దెచ్చుకొని పని సాగించిరి. ఇచట ముఖర్జీని జపానునకు బోనీయలేదు. 1981లో నేత్రవైద్య సంస్థకు బదిలీ చేసిరి. అండములపై బనిచేసిన వానికి గండ్ల యాసుపత్రిలో నేమి పని? ఆ యేడు జూను 19న ఆయన ప్రాణత్యాగము చేసికొనెను. చిత్రమునందలి వైద్యుడు విదేశాహ్వానము నంగీకరించి బయటపడును. పేరులో మరణమునుంచి కథలో దానిని దప్పించిన దర్శకుని దయను మేమర్థము చేసికొనగలము గాని మెచ్చుకొనజాలము.

తోడి శాస్త్రజ్ఞులందఱు నసూయాపరులే యను భావము చిత్రమున బలముగ నున్నది. తరువాతి చరిత్ర దీనిని గొంత సవరించినది. 1986 ఆగష్టు 6న బొంబాయిలో జనించిన శిశువు భారతదేశపు మొదటి గాజుపాత్ర శిశువని ప్రకటింపబడినది. ఇందిరా హిందూజాతో పాటు ఆ ఖ్యాతిలో భాగస్వామి టి. సి. ఆనందకుమార్. ఆయనయే ముఖర్జీ వ్రాతప్రతులను జదివి, 1997లో ‘కరెంట్ సైన్స్’ పత్రికలో, ఆ ప్రథమస్థానము ముఖర్జీదేయని వ్రాసెను. తన పేరును దానే రెండవ వరుసకు దించుకొనెను. విచారణసంఘ మడిగిన రుజువును దెచ్చినవాడు పోటీదారుడే!

1990 నాటి చిత్రమున నీ ఘట్టముండుటకు వీలులేదు. దుర్గ 2003లో తన 25వ జన్మదినమున దానే సభకు వచ్చి, తన నిజనామమును జెప్పినది.