పైథియా నోట ఎవరి మాట? – ‘అసాసిన్స్ క్రీడ్ ఒడిస్సీ’లో డెల్ఫీ దైవవాణి

ఉపోద్ఘాతం:

యూబీసాఫ్ట్ సంస్థ 2018లో విడుదల చేసిన ‘అసాసిన్స్ క్రీడ్ ఒడిస్సీ’ పెలొపొనీసియన్ యుద్ధం ఆరంభమైన క్రీ.పూ. 431 నాటి గ్రీసును నేపథ్యంగా గ్రహించిన వీడియో గేమ్. డెల్ఫీలోని అపోలో ఆలయంలో దైవవాణి వినిపించే పైథియా ఇందులో ఒక పాత్ర. ఆమె కనిపించే సన్నివేశాలు కొద్దివే అయినా కథకు బీజం ఆమె మాటే. ఈ వ్యాసం ఆ పాత్రను హెరొడోటస్, థుసిడిడీస్, ప్లూటార్క్ రచనల వెలుగులో పరిశీలిస్తుంది. చారిత్రక దోషాలను ఏకరువు పెట్టడం ఇక్కడి ఉద్దేశం కాదు. దైవవాణిని విన్నవారి బాధ్యత ఈ పునఃకల్పనలో ఏమైందన్నదే ప్రశ్న.

1. గేమ్‌లో పైథియా:

ఒక పసిబిడ్డ వల్ల స్పార్టాకు వినాశం తప్పదని దైవవాణి పలుకుతుంది. ఆ బిడ్డను టైగెటస్ పర్వతం మీదినుంచి పడవేయడంతో కథానాయకుల కుటుంబం ఛిన్నాభిన్నమవుతుంది. ఏళ్ల తరువాత, ఆటగాడు ఎంచుకున్న కసాండ్రా గాని, అలెక్సియోస్ గాని డెల్ఫీకి చేరుతారు. అక్కడ హెరొడోటస్ పరిచయమవుతాడు. ఆలయం వెలుపల నిలదీసినప్పుడు పైథియా నిజం ఒప్పుకొంటుంది. ‘కల్ట్ ఆఫ్ కాస్మోస్’ అనే రహస్యకూటమి చెప్పమన్నదే తాను చెబుతున్నానని, ఆ కూటమికి తాను బందీనని ఆమె మాటల సారాంశం. నాటకీయంగా ఇది బలమైన ఘట్టం. పవిత్రస్థానం వెనుక రాజకీయం ఉందన్న ఎరుకను ఆటగాడికి ఒక్కసారిగా కలిగిస్తుంది.

2. ప్రాచీనుల సాక్ష్యం:

పైథియాను లోబరచుకోవచ్చునన్న అనుమానం ఆధునికుల కల్పన కాదు. స్పార్టా రాజు క్లియొమెనీస్, తన సహరాజు డెమరాటస్‌ను పదవీచ్యుతుణ్ణి చేయడానికి కోబోన్ అనే డెల్ఫీ ప్రముఖుని ద్వారా పెరియల్లా అనే పైథియా చేత అనుకూలమైన మాట పలికించాడని హెరొడోటస్ ఆరవ గ్రంథంలో రాశాడు. గుట్టు బయటపడ్డాక కోబోన్ డెల్ఫీ విడిచి పారిపోయాడు, పెరియల్లా పదవి పోయింది. క్లియొమెనీస్ ఉన్మాదంతో చనిపోవడానికి ఈ అపచారమే కారణమని గ్రీకులలో అధికులు భావించారట. గేమ్ కాలానికే చెందిన మరో ఉదంతం థుసిడిడీస్ అయిదవ గ్రంథంలో ఉంది. ప్రవాసంలో ఉన్న స్పార్టా రాజు ప్లైస్టొయనాక్స్ తనను తిరిగి రప్పించాలని పైథియా చేత పలికించుకున్నాడని, 19వ ఏట అలా తిరిగి వచ్చాడని ప్రత్యర్థులు ఆరోపించారు.

ఈ ఉదంతాలలో లంచం ఒక అపరాధం. దానికి పేరున్న కర్త ఉన్నాడు, విచారణ గాని నింద గాని ఉంది. గేమ్‌లో అదే వ్యవస్థ స్వభావంగా మారింది. మొదటిది కట్టుబాటు ఉల్లంఘన, రెండవది కట్టుబాటే బూటకమన్న తీర్పు. పెరియల్లా కథను మనకు అందించిన హెరొడోటస్ ఆ డెల్ఫీలోనే పాత్రగా తిరుగుతున్నా, రచయితలు ఈ భేదాన్ని వాడుకోలేదు.

3. బాధ్యత బదిలీ:

స్పార్టాలో నవజాత శిశువును పరీక్షించి, బలహీనమైతే టైగెటస్ దాపున ఉన్న అపొథెటాయ్ అనే అగాధంలో విడిచేవారని ప్లూటార్క్ లైకర్గస్ చరిత్రలో చెప్పాడు. అక్కడ నిర్ణేతలు తెగ పెద్దలు, దైవవాణి కాదు. గేమ్ ఆ నిర్ణయాన్ని మొదట దైవవాణికి, ఆపై రహస్యకూటమికి బదిలీ చేసింది. ఫలితంగా నగరం తన క్రౌర్యానికి జవాబు చెప్పనక్కరలేదు. తండ్రిగా పెంచిన నికోలాస్‌ను చంపాలా, విడిచిపెట్టాలా అన్న నిర్ణయాన్ని ఆటగాడికి వదిలిన చోట మాత్రమే బాధ్యత మళ్లీ మనుషుల మీదికి వస్తుంది.

గ్రీకు కథనాలలో దైవవాణి భారం విన్నవాడిదే. యుద్ధానికి దిగితే ఒక మహాసామ్రాజ్యం కూలుతుందని విన్న క్రీసస్, అది ఎవరి సామ్రాజ్యమని అడగలేదు. తప్పు అతనిదేనని పైథియా తరువాత తేల్చింది. చెక్కగోడ రక్షిస్తుందన్న మాటకు అర్థమేమిటని ఏథెన్స్ పౌరులు సభలో వాదించుకున్నారు. అది నౌకాదళమేనన్న థెమిస్టొక్లీస్ వ్యాఖ్యానాన్ని అంగీకరించారు. సందిగ్ధత అక్కడ భాషలో ఉంది, అర్థనిర్ణయం పౌరధర్మం. గేమ్‌లో సందిగ్ధతకు చోటు లేదు. ఉన్నది అబద్ధం, దాన్ని ఛేదించే కత్తి.

4. స్త్రీ స్వరం:

పైథియా మాటలను ఆలయ పురుషులే మలచేవారన్న పూర్వాభిప్రాయాన్ని 1990లలో లీసా మౌరిజియో వంటి పరిశోధకులు ప్రశ్నించారు. అంతకంటే ముందు, డెల్ఫీలో అర్చకత్వం నెరపిన ప్లూటార్కే కంఠమూ, పదాలూ, ఛందస్సూ ఆ స్త్రీవేనని, దేవుడిచ్చేది ఆమె మనస్సులో వెలుగు మాత్రమేనని వివరించిన సంభాషణ ఒకటి ఉంది. అంటే పూనకంలోనూ పలికే మనిషి మిగిలే ఉంటుంది. గేమ్‌లోని పైథియాకు ఆ మిగులు లేదు. ఆమె నోట దేవుడి మాట కాకపోతే కూటమి మాట. ఆమె సొంతంగా పలికేది ఒప్పుకోలు ఒక్కటే.

ముగింపు:

దైవవాణిని రాజకీయ సంస్థగా చూపడంలో ఈ గేమ్ సరైన దారిలోనే ఉంది. అయితే కుట్రను ఏకైక వివరణగా నిలపడంతో విన్నవారి తీర్పుకు విలువ తగ్గింది. సంభాషణలో ఏ సమాధానం ఇవ్వాలో ఆటగాణ్ణి ఎంచుకోనిచ్చే నిర్మాణం ఈ గేమ్‌కు ఉంది. ఆ నిర్మాణంలోనే ఒక సందిగ్ధవాక్యాన్ని అతని ముందుంచి, అర్థం చెప్పుకొనే భారాన్నీ, తప్పు చెప్పుకొంటే కలిగే ఫలితాన్నీ అతనికే వదలవచ్చు. క్రీసస్‌కు దక్కిన పాఠం అప్పుడు ఆటగాడికీ దక్కేది.