చర్మవాద్యములు – మన విమర్శ

వాద్యములు తతము, సుషిరము, అవనద్ధము, ఘనము అని నాలుగు తెఱగులని భరతుడు నాట్యశాస్త్రమున జెప్పెను. తీగలు గలది తతము, ఊదునది సుషిరము, తోలు మూసినది అవనద్ధము, కంచుతాళములవంటిది ఘనము. ఈ విభాగము ధ్వని పుట్టు విధమునుబట్టి చేసినదే కాని వాయించువాని పుట్టుకనుబట్టి చేసినది కాదు. అవనద్ధములను గూర్చి యా గ్రంథముననే యొక కథ కలదు. స్వాతి యను ముని వానకాలమున నీటికై కొలనికి బోయి, తామరాకులపై చినుకులు పడు చప్పుడు వినెనట. పెద్దయాకుపై నొక ధ్వని, నడితరపు దానిపై నొకటి, చిన్నదానిపై నొకటి. ఆశ్రమమునకు మఱలివచ్చి, విశ్వకర్మ తోడ్పాటుతో నా ధ్వనులను బలుకగల వాద్యములను నిర్మించెనట. కథను నమ్మినను నమ్మకున్నను, అందలి తాత్పర్యము గ్రాహ్యము. తోలువాద్యమునకు మూలము చెవియొగ్గి వినుట.

ఆ వినుట నేడు మనలో నెంత కలదు? మృదంగవిద్వాంసుని కచ్చేరి జరిగినయెడల, అతని కాలప్రమాణమెట్టిది, ముక్తాయింపు కుదిరినదా, పాటను మించి వాయించెనా యని పత్రికలలో విమర్శలు వెలువడును. డప్పును గూర్చి యట్టి విమర్శ యెక్కడనైన గలదా? డప్పును గూర్చి మనవారు వ్రాయునవి రెండే తెఱగులు. ఒకటి యీసడింపు, రెండవది జాలి. మొదటిది పూర్వులది, రెండవది మనది. ఈసడించువాడును వినడు, జాలిపడువాడును వినడు. ఆంధ్రప్రదేశ ప్రభుత్వము డప్పు కళాకారులకు నెలనెల పింఛను నిచ్చుచున్నది, అది యుచితమే. కాని పింఛను కడుపునకు దక్కినది. కళకు దక్కవలసినది విమర్శ. ఒక కళను మంచిచెడ్డలు నిర్ణయింపదగినదిగా నెంచుటయే దానికి జేయు మొదటి మర్యాద యని మా యభిప్రాయము.

తెనాలి ప్రాంతమున చర్మవాద్యములకు కొదువ లేదు. సంగం జాగర్లమూడిలో సంగమేశ్వరుని కోవెలకు సన్నాయితో డోలు, పెండ్లియింట నదియే, భజనకు మద్దెల, బుఱ్ఱకథలో వంతలచేతి గుమ్మెట, జాతరకును చావునకును డప్పు. వీనిలో కొన్నిటి విషయమున మనవారు కులమతములను దాటి వినగలిగిరి. చిలకలూరిపేట సంప్రదాయమున శిక్షణ పొందిన కరవది వాస్తవ్యుడు షేక్ చినమౌలానా (1924–1999) శ్రీరంగమున నివసించి నాదస్వరమునకు వన్నె దెచ్చినప్పుడు, ఆతని మతము మన చెవుల కడ్డము రాలేదు. పొన్నెకల్లువాడగు షేక్ నాజరు (1920–1997) బుఱ్ఱకథను వీథినుండి పెద్దసభలకు గొనివచ్చి 1986లో పద్మశ్రీ యయ్యెను. డప్పుకడకు వచ్చునప్పటికి మాత్రము ఆ చెవులే మూతపడుచున్నవి.

మే మెఱిగిన యొక పాఠశాలలో జరిగిన వార్షికోత్సవమును జెప్పెదము. అతిథులు రహదారినుండి వాకిలివఱకు డప్పులవెంట నడచివచ్చిరి. వాకిటనే డప్పు లాగిపోయినవి. లోపల వేదికపై మృదంగముతో ప్రార్థనాగీతము మొదలయ్యెను. డప్పువారిని ఎవ్వరును పొమ్మనలేదు; లోనికి రమ్మననును లేదు. వారిలో నొకని కుమారుడు మా తరగతి విద్యార్థి. బాలుడు లోపల మొదటి వరుసలో గూర్చుండి తన పద్యమునకై వేచియుండెను. తండ్రి వాకిట నిలువబడి వినెను. మఱునాడు ఛందస్సు చెప్పుచు, గణముల నడక తెలియుటకై బల్లపై దరువు వేయుమని పిల్లల నడిగితిమి. ఆ బాలుడు మొదట చేతులు వెనుకకు దాచుకొనెను. తోడివారు వేసిన పిదప తానును వేసెను. గురులఘువులు పుస్తకమునకంటె నాతని వ్రేళ్లయందు స్పష్టముగ వినబడినవి. చేతనున్న విద్యను దాచుకొనవలసినదిగా ఆ పసివానికి నేర్పిన దెవరు? వాకిటిని దాటనీయని మన మర్యాదయే కదా.

ఇక డప్పును డప్పుగా విచారింతము. గుండ్రని కఱ్ఱచట్రమునకు చింతగింజల యంబలితో తోలు నతికి బిగింతురు. వాయించుటకు ముందు గడ్డిమంటకు గాచుదురు; వేడికి తోలు బిగిసి కంఠము విచ్చుకొనును. కుడిచేతిలో పొట్టిదగు సిఱ్ఱ, ఎడమచేతిలో సన్ననిదగు సిటికెనపుల్ల. సిఱ్ఱ నడకను నిలుపును. సిటికెనపుల్ల యా నడక నడిమి యెడములను బలికించును. పెండ్లికి, జాతరకు, చావునకు, చాటింపునకు వేర్వేరు దరువులు గలవు. మృదంగము వాయించువాడు గూర్చుండి లయ నిలుపును. డప్పువాడు నడచుచు, గంతులిడుచు, పదిమందితో గలసి నిలుపవలెను.

కావున విమర్శకుడు వినవలసిన వివి: నడచునప్పుడు కాలప్రమాణము చెదరెనా? దరువు మాఱునప్పుడు ముందువాని సైగను తక్కినవారు సందులేక యందుకొనిరా? తోలు చల్లబడి ధ్వని క్రుంగక మునుపే కాచుకొనిరా? మేము కాలువగట్టున విన్న యొక చావుదరువునందు నలుగురిలో మువ్వురు ఒకే నడకను బట్టియుండగా, నాలుగవవాడు సన్నపుల్లతో నక్కడక్కడ మాత్రమే పలికించెను. ఆ విరామములే దరువునకు దుఃఖము నిచ్చినవి. దోషములను జెప్పుటకును వెనుదీయరాదు. రాజకీయసభలలో నాయకుడు వచ్చువఱకు పొద్దుపుచ్చుటకై వాయించుదళములు కొన్ని వేగమునే విద్య యనుకొనుచున్నవి; సినిమాపాటల నడకలే దరువులుగ జెల్లుచున్నవి. ఇది తప్పని చెప్పుట వారి నవమానించుట కాదు.

మృదంగము మాటయు నొకింత విచారింపదగినది. ఒట్టి తోలు బిగించి కొట్టినచో దాని యుపధ్వనులు మూలశ్రుతితో పొసగవు. మృదంగమున నవి పొసగి స్వరము వలె వినబడుట కుడిమూత నడుమ పొరపొరగ నద్దిన నల్లని మందువలన. బాల్యమున విశాఖపట్టణమున చదివిన చంద్రశేఖర వేంకట రామన్ 1920లోను 1934లోను ఈ సంగతిని పరిశోధించి ప్రకటించెను. ఆ మందును ఏపొర యెంత మందముండవలెనో చెవితో దెలిసి యద్దువాడు శాస్త్రము చదివినవాడు కాడు. తోలుపని చేయు శిల్పి. పాలఘాట్ మణి అయ్యరు (1912–1981) నాదమునకు వెనుక పర్లాందు అను శిల్పి చెవియు చేయియు నుండెను. ఇట్టి దళిత క్రైస్తవ కుటుంబముల చరిత్రను టి. ఎం. కృష్ణ ‘సెబాస్టియన్ అండ్ సన్స్’ అను గ్రంథమున 2020లో వెలువరించెను. అందు మృదంగమునకు వాడు ఆవుతోలు ప్రసక్తియు గలదు. గ్రంథభాగము పత్రికలో వెలువడిన పిమ్మట, ఆవిష్కరణసభకు మొదట నంగీకరించిన చెన్నపట్టణపు కళాక్షేత్రము తన మందిరము నీయ నిరాకరించెను. నాదము పవిత్రము, తోలు ప్రస్తావన యపవిత్రము! డప్పును వాకిట నిలిపిన తర్కమే మృదంగశిల్పిని మఱుగుపఱచినది.

దేశివిద్యను విచారించుట క్రొత్త వింత యని కొంద ఱనవచ్చును. వారికి సమాధానము జాగర్లమూడికి చేరువనున్న చేబ్రోలిలోనే కలదు. కాకతీయ గణపతిదేవుని గజసాహిణి యగు జాయపసేనాని చేబ్రోలున నాలయములు గట్టించెను. పదుమూడవ శతాబ్దమున నృత్తరత్నావళిని సంస్కృతమున రచించెను. ఎనిమిది యధ్యాయములుగల యా గ్రంథమున మొదటి నాలుగు మార్గమునకు, తక్కిన నాలుగును దేశికి నిచ్చెను. రాజబంధువును సేనానియు నగువాడు జనుల యాటలకు పేరు పేరున లక్షణము చెప్పి, గ్రంథమున సగము చోటు కల్పించెను. అతడు వాద్యరత్నావళిని గూడ రచించెనందురు. అది నేడు లభించుట లేదు. లభించిన నృత్తరత్నావళి యాధారముగనే నటరాజ రామకృష్ణ (1923–2011) పేరిణిని పునరుద్ధరింపగలిగెను. వ్రాసియుంచిన విద్య యేడు వందల యేండ్ల పిదపనైన లేచి నిలిచినది. వ్రాయని దరువు దానిని వాయించు ముసలివానితోనే పోవును.

డప్పు ఊరికి మాట చెప్పు సాధనముగ నుండెను. ఇప్పుడు తన మాట తాను చెప్పుకొనుటయు నేర్చినది. 1994లో ప్రకాశము జిల్లా ఈదుముడిలో మొదలైన రిజర్వేషను వర్గీకరణోద్యమము దండోరా యను పేరనే ప్రసిద్ధమయ్యెను. వర్గీకరణము రాజ్యాంగవిరుద్ధము కాదని సుప్రీముకోర్టు 2024 ఆగస్టు 1వ తేదీన తీర్పుచెప్పెను. ఆ రాజకీయమును విచారించుట యీ వ్యాసమునకు బని కాదు. ముప్పది యేండ్లు మ్రోగిన వాద్యమును సంగీతముగ మాత్రము మన మింకను వినలేదన్నదే మా మాట.

గృహస్థులు చేయదగినవి కొన్ని గలవు. బిడ్డకు మృదంగము చెప్పించువారు, దానిని మూసిన శిల్పి పేరునుగూడ బిడ్డకు చెప్పవలెను. ఆడుపిల్లలకు మద్దెల తగదను మాటను విడువవలెను; దండమూడి సుమతీరామమోహనరావుగారు మృదంగమున 2021లో పద్మశ్రీ పొందియున్నారు. పెండ్లికి డప్పును బిలిచినచో, కూలి యిచ్చి పంపుటకు ముందు పావుగంట కూర్చుండబెట్టి, ఈ దరువున కేమి పేరు, ఎవరు నేర్పిరి యని యడిగి వ్రాసికొనవలెను. బడిపంతులు చేయవలసిన పని యింతకంటె తేలిక: వచ్చు వార్షికోత్సవమున డప్పును వాకిట నాపక వేదికపైకి బిలిచి, మృదంగమున కిచ్చినంత కాలమే దానికి నిచ్చి, పిల్లలను నిశ్శబ్దముగ విననిచ్చి, మఱునాడు తరగతిలో నేది బాగుగ నుండెనో, ఏది లేదో చెప్పుమని యడుగవలెను.