చరణాలు వినబడని పాట

స్టేడియం నిండా జనం పిడికిళ్ళు బిగించి, జెండాలు ఊపుతూ ‘బార్న్ ఇన్ ద యూఎస్‌ఏ’ అని గొంతు చించుకుంటున్న వీడియోలు చాలామంది చూసే ఉంటారు. అమెరికాలో పుట్టానని చెప్పే ఆ పల్లవి ఒక్కసారి వింటే నోటికి వచ్చేస్తుంది. బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 1984లో విడుదల చేసిన ఈ రాక్ పాట చరణాల్లో ఉన్నది మాత్రం వియత్నాం యుద్ధానికి వెళ్ళొచ్చి, సొంత ఊళ్ళో పని దొరకని ఒక మామూలు మనిషి గోడు.

మన సినిమా పాటల్లో పల్లవి ఎత్తుకున్న భావాన్నే చాలావరకు చరణాలు పెంచుకుంటూ పోతాయి. ఆ అలవాటుతో వింటే ఈ పాట అంత తేలిగ్గా అందదు. ఇందులో చరణం కిందికి లాగుతుంది, పల్లవి పైకి ఎగదోస్తుంది. చిత్రమేమిటంటే, కింద నడిచే సంగీతం మారదు. కార్డ్స్ (కలిపి పలికించే స్వరాలు) రెండే. రాయ్ బిట్టన్ సింథసైజర్ మీద పలికించిన చిన్న స్వరాల గుత్తి మొదటి నుంచి చివరిదాకా తిరుగుతూనే ఉంటుంది. మ్యాక్స్ వైన్‌బర్గ్ డ్రమ్స్ తుపాకులు పేలినట్టు మోగుతాయి. దుఃఖానికీ గర్వానికీ ఒకే బాణీ కట్టడంతో, మాటలు పట్టించుకోని చెవికి అంతా జయజయధ్వానంలాగే వినిపిస్తుంది.

ఆ మాటలనే కాస్త దగ్గరగా చూడండి. యుద్ధం నుంచి వచ్చినవాడు పాత రిఫైనరీకి పనికోసం వెళతాడు. ఉద్యోగమిచ్చే పెద్దమనిషి తన చేతుల్లో ఏమీ లేదన్నట్టు ఒక మాట మొదలుపెడతాడు, పూర్తి చేయడు. ఆ సగం మాటే జవాబు! తర్వాత వియత్నాంలోని ఖేసాన్ పోరులో పోయిన సోదరుడి ప్రస్తావన వస్తుంది. శత్రువులు ఇంకా అక్కడే ఉన్నారనీ, తనవాడే లేడనీ ఒక్క ఊపిరిలో చెప్పేస్తాడు. అక్కడ గొంతు ఆగిపోతుంది, వాయిద్యాలు మాత్రం సాగుతాయి. ఆ ఖాళీని ఏ మాటతోనూ నింపకపోవడం గొప్ప రచన అని నా నమ్మకం. ఇంగ్లీషులో ‘బ్రదర్’ అంటే సరిపోయింది. తెలుగులో చెప్పాలంటే అన్నా, తమ్ముడా, పక్కన నిలబడి పోరాడిన తోటి సైనికుడా అన్నది తేల్చుకోవాలి. పాట తేల్చదు. అందుకే ఎవరిని పోగొట్టుకుంటే వాళ్ళే అందులో కనిపిస్తారు. వియత్నాంలో 58 వేల మందికి పైగా అమెరికన్ సైనికులు చనిపోయారు. వాళ్ళలో ఒకడు బార్ట్ హేన్స్, స్ప్రింగ్‌స్టీన్ కుర్రతనంలో వాయించిన ‘క్యాస్టిల్స్’ బ్యాండ్ డ్రమ్మర్. స్ప్రింగ్‌స్టీన్‌ను సైన్యం వైద్యపరీక్షలో వెనక్కి పంపేసింది. తన బదులు ఎవరు వెళ్ళి ఉంటారన్న ఆలోచన అతన్ని చాలా ఏళ్ళు వెంటాడింది.

ఈ పాట వచ్చిన ఏడాదే, 1984 ఎన్నికల ప్రచారంలో అధ్యక్షుడు రీగన్ న్యూజెర్సీలోని హమన్టన్‌లో మాట్లాడుతూ, స్ప్రింగ్‌స్టీన్ పాటల్లో ఆశాసందేశం ఉందన్నారు. ఏ పాట అన్నది చెప్పలేదు. కొద్దిరోజులకే పిట్స్‌బర్గ్ వేదిక మీద స్ప్రింగ్‌స్టీన్, అధ్యక్షుడికి తన ఆల్బమ్‌లలో ఏది ఇష్టమోనని ఆలోచిస్తున్నానని, నిరాశ నిండిన ‘నెబ్రాస్కా’ అయితే కాదనుకుంటానని చెప్పి, కార్ల ఫ్యాక్టరీ మూతపడి ఉద్యోగం పోయినవాడి పాట ‘జానీ 99’ అందుకున్నాడు. క్రైస్లర్ కార్ల కంపెనీ తన ప్రకటనలకు ‘బార్న్ ఇన్ ద యూఎస్‌ఏ’ పాట అడిగితే ఇవ్వనన్నాడు.

జెండా ఊపినవాళ్ళు పాటను పూర్తిగా తప్పుగా విన్నారని అనేవాళ్ళున్నారు. నాకు అలా అనిపించదు. ఆ గర్వం కూడా పాటలో ఉంది. తనను విసిరికొట్టిన దేశాన్నే తనదని చెప్పుకునే మనిషి గర్వం అది. పుట్టిన గడ్డను నిలదీసే హక్కు, దాన్ని చూసి పొంగిపోయే హక్కు రెండూ కావాలన్నదే ఈ పాట కోరిక అని 2016లో వచ్చిన ఆత్మకథలో స్ప్రింగ్‌స్టీన్ రాసుకున్నాడు. తన పాటల్లో చాలా గొప్పవాటిలో, చాలా అపార్థానికి గురైనవాటిలో ఇదొకటన్నాడు. పల్లవి ఒక్కటే పాడితే ఒక హక్కు మిగులుతుంది, రెండోది జారిపోతుంది.

ఈ పాటకు ఇంకో రూపం ఉంది. 1982లో ఇంట్లో నాలుగు ట్రాకుల క్యాసెట్ రికార్డర్ మీద, గిటారొక్కటే పట్టుకుని పాడుకున్నది. 1998లో ‘ట్రాక్స్’ సంకలనంలో బయటికి వచ్చింది. అందులో డ్రమ్స్ లేవు, అరుపులు లేవు, పల్లవి కూడా గుబులుగానే వినిపిస్తుంది. ముందు దాన్ని వినండి. తర్వాత 1984 నాటిది పెట్టుకుని, ఖేసాన్ దగ్గర గొంతు ఆగిపోయే చోట మీరూ ఒక్క క్షణం ఆగండి.