అక్షరం, సంకేతం, బైటు: ‘సి’ భాషలో తెలుగు పద గణన

తెలుగు లక్షణకారులకు అక్షరం ఉచ్చారణకు, మాత్రకు సంబంధించిన భావన. కంప్యూటరు భాషలలోని ‘క్యారెక్టర్’ నిల్వకు సంబంధించినది. ఈ రెండింటినీ ‘అక్షరం’ అనే ఒకే మాటతో వ్యవహరించడం వల్ల, పద్యపాఠాలను కంప్యూటరుతో లెక్కించే పరిశోధనలలో ఫలితాలే తారుమారయ్యే అవకాశం ఉంది. పశ్చిమ కర్నూలులో కన్నడ సీమ అంచున ఉన్న ‘హొళగుంద’ అనే ఊరిపేరు ఆధారంగా ఈ సమస్యను పరిశీలించవచ్చు.

డెన్నిస్ రిచీ రూపొందించిన ‘సి’ భాషలో స్ట్రింగ్ అంటే సున్నాతో ముగిసే బైట్ల వరుస. యూనికోడ్ తెలుగుకు 3072 నుండి 3199 వరకు 128 స్థానాలను కేటాయించింది. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ రూపొందించిన యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో వీటిలో ప్రతి సంకేతానికీ మూడు బైట్లు పడతాయి. ‘హ’ 224, 176, 185 అవుతుంది. కనుక పొడవును కొలిచే ‘స్టర్‌లెన్’ ఫంక్షన్ ‘హొళగుంద’కు 21 అని చెబుతుంది. తగిన లొకేల్‌ను నిర్దేశించి ‘ఎంబీఎస్‌టుడబ్ల్యుసీఎస్’ ద్వారా విశాల సంకేతాలుగా మార్చితే 7 వస్తుంది. ఛాందసికుని లెక్కలో ఇది 4 అక్షరాలే: హొ, ళ, గుం, ద.

మార్పిడితో సమస్య తీరిందని భావించడం తొందరపాటు. లఘువు, లఘువు, గురువు, లఘువుగా సాగే ఈ పేరు ‘సల’ అనే ఇంద్రగణం. దీనిని 16 బైట్ల స్థలంలో కుదిస్తే, ముగింపు సున్నా పోగా 15 బైట్లు, అంటే ‘హొళగు’ మాత్రమే మిగులుతుంది. అందులో చెడిన బైటు ఒక్కటీ లేదు. యంత్రం దోషం చూపదు. కాని ద-కారంతో పాటు సున్న పోయి గురువు లఘువైంది. ఇంద్రగణం న-గణమై సూర్యగణాలలో చేరింది. అలాగే తొలి అక్షరానికి దీర్ఘమిచ్చి ‘హోళగుంద’ అని రాసినా బైట్లు 21, సంకేతాలు 7గానే ఉంటాయి. ఆ పేరు మాత్రం ఇంద్రగణం కాకుండా పోతుంది. సంఖ్య నిలిచినా ఛందస్సు మారింది.

పోలికలోనూ ఇదే చిక్కు. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే సంకేతంగానూ, ఎత్వం, దాని కింది గుర్తు కలిసిన జంటగానూ రాయవచ్చు. కంటికి ఒకటే అయిన ‘కై’ ఒకచోట 6, మరొకచోట 9 బైట్లు. ‘స్టర్‌కంప్’ వాటిని వేర్వేరు పదాలుగా తేల్చుతుంది. పదసూచికలో ఒకే మాట రెండు పద్దులవుతుంది. తెలుగు, కన్నడ పాఠాలను పోల్చేటప్పుడు సమస్య మరింత సూక్ష్మం. హొళగుందలోని ఏడు సంకేతాలకూ 128 చొప్పున కలిపితే కన్నడ రూపం సిద్ధిస్తుంది. అయితే యూనికోడ్ విభజన నియమం కన్నడ ఒత్వాన్ని రెండుగా విడదీస్తుంది, తెలుగు ఒత్వాన్ని విడదీయదు. అంటే విభజిత రూపంలో ఒకే పేరుకు తెలుగులో 7, కన్నడలో 8 సంకేతాలు.

దీనిని ‘సి’ లోపంగా మాత్రమే చూడరాదు. బైట్లను బైట్లుగా భద్రపరచడమే ఆ భాష చేసిన వాగ్దానం. వాటిని అక్షరాలుగా పొరబడుతున్నది దానిని వాడే పరిశోధన. గురులఘు నిర్ణయానికి గుణింతం, సున్న, విసర్గ, పొల్లు, తరువాతి సంయుక్తాక్షరం అన్నీ చూడవలసి ఉంటుంది. ఏ మార్పిడి ఫంక్షనూ ఆ పని చేయదు. కాబట్టి పాఠగణన మీద ఆధారపడే ప్రతి పరిశోధనా తాను లెక్కించినది బైటా, సంకేతమా, అక్షరమా అన్నదీ, పాఠాన్ని ఏ రూపానికి ఏకీకరించినదీ ముందుగా ప్రకటించాలి. పాఠాంతరాలను పేర్కొనని పరిష్కరణను ఎలా అంగీకరించమో, ప్రమాణాన్ని పేర్కొనని గణనను కూడా అలాగే అంగీకరించరాదు.